చప్పుడు పోవాలి... గొంతు నిలవాలి!

అటక మీది డబ్బాలో ఓ పాత క్యాసెట్. అందులో తాతయ్య చదివిన పద్యాలు, నానమ్మ పాడిన మంగళహారతి, దూరదేశంలో ఉన్న కొడుక్కి అమ్మ పంపిన కబుర్లు... వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి బుసబుసలూ గురగురలూ తీసేసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉచితంగానే దొరుకుతోంది. కాకపోతే కాస్త ఎక్కువ శుభ్రం చేస్తే మాత్రం చప్పుడుతోపాటు గొంతూ పోతుంది!

‘మాయాబజార్’ మొదట విడుదలైంది 1957 మార్చి 27న. మళ్లీ 2010 జనవరి 30న రంగుల్లో థియేటర్లకొచ్చింది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ పని చేసింది. శశిరేఖ చీర ఏ రంగులో ఉంటుందోనని జనమంతా ఎదురుచూశారు కానీ, ఆ సినిమాలో శబ్దం మీదా పెద్ద పనే జరిగింది. ఆ రోజుల్లో శబ్దాన్ని ఫిల్ము అంచున సన్నటి చారగా ముద్రించేవారు. దానిమీద గీత పడినా దుమ్ము చేరినా స్పీకర్లోంచి చిటపటమంటూ వినిపిస్తుంది. హైదరాబాద్ నిపుణులు ఆ చప్పుళ్లను ఏరేశారు, గొంతుల స్థాయి పెంచారు, అన్నీ కలిసి ఒకే ట్రాకులో ఉన్నదాన్ని డీటీఎస్ 5.1 పద్ధతిలోకి మార్చారు. నేపథ్య సంగీతాన్ని మాత్రం పాత బాణీ చెడకుండా కొత్తగా రికార్డు చేశారు. మాటా సంగీతం ఒకదాన్లో ఒకటి కలిసిపోయాక చక్కగా విడదీయడం అప్పటి సాఫ్ట్‌వేర్లకు కష్టమైన పని మరి.

సినిమాకైతే వాద్యబృందాన్ని పిలిచి మళ్లీ వాయించుకోవచ్చు. నానమ్మ మంగళహారతికి ఆ వీల్లేదు. అందుకే ఇంట్లో క్యాసెట్ శుభ్రం చేసేవాళ్లు సినిమావాళ్లకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ముందు నకలు... తర్వాతే శుద్ధి

చాలామంది చేసే పొరపాటు, క్యాసెట్ పెట్టీపెట్టగానే సాఫ్ట్‌వేర్లో మీటలు తిప్పడం. అసలు పని టేపు దగ్గరే మొదలవ్వాలి. ఏళ్ల తరబడి కదలని టేపును వినేముందు ఒకసారి చివరిదాకా ముందుకీ, మళ్లీ వెనక్కీ తిప్పాలి. ప్లేయర్‌లో టేపు ఆనుకునే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడవాలి. హెడ్ మీద మురికి ఉంటే గొంతు దుప్పటి చాటునుంచి వచ్చినట్టుంటుంది. అది సాఫ్ట్‌వేర్‌తో బాగయ్యే జబ్బు కాదు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే అసలు పెట్టనేకూడదు, తెలిసినవాళ్లకి ఇవ్వాల్సిందే. క్యాసెట్ వెనకంచున ఉండే చిన్న పలకలు విరిచేసి ఉన్నాయో లేదో కూడా చూడాలి. లేకుంటే పొరపాటున రికార్డు మీట నొక్కితే అంతా చెరిగిపోతుంది!

తర్వాత వైరు. కంప్యూటర్ వెనక నీలంరంగు రంధ్రం లైన్-ఇన్, గులాబీరంగుది మైకు. ప్లేయర్ నుంచి వచ్చే వైరును నీలంరంగు దాంట్లోనే పెట్టాలి. మైకు రంధ్రం సన్నటి శబ్దాన్ని పెంచడానికి పెట్టింది కాబట్టి అందులో పెడితే గొంతు బొంగురుపోతుంది. ల్యాప్‌టాప్‌లలో లైన్-ఇన్ ఉండటం తక్కువ. వాటికి లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో పరికరం ఒకటి తగిలించుకుంటే సరి.

రికార్డు చేయడానికి 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ చాలు. గొంతు బాగా పెరిగినచోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా చూసుకోవాలి. సున్నాని తాకితే ఆ అల తల తెగిపోయినట్టే, మళ్లీ అతకడం దాదాపు అసాధ్యం. దాచుకునే ఫైలు ఎంపీ3గా కాక వేవ్‌గా ఉండాలి. సెకనుకు 44,100 నమూనాల చొప్పున సీడీ నాణ్యతతో స్టీరియోలో గంటసేపు రికార్డు చేస్తే దాదాపు 635 మెగాబైట్లు అవుతుంది. ఈ ఫైలును ఎప్పటికీ ముట్టుకోకూడదు. శుద్ధి అంతా దాని నకలు మీదే!

నమూనా చూపిస్తే చాలు

ఇంతకీ ఏది చప్పుడో, ఏది గొంతో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? మనమే చూపించాలి. నానమ్మ పాట మొదలుపెట్టేముందు టేపు ఒట్టినే తిరిగిన ఒకటి రెండు సెకన్లు ఉంటాయి కదా... ఆ ముక్కను ఎంచుకుని నాయిస్ రిడక్షన్‌లోకెళ్లి ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ నొక్కాలి. అందులో ఏ స్థాయి ధ్వనులు ఎంతెంత ఉన్నాయో అది లెక్క రాసుకుంటుంది. తర్వాత మొత్తం పాటను ఎంచుకుని మళ్లీ నొక్కితే ఆ మేరకు తగ్గిస్తుంది. ఆ ముక్కలో శ్రుతిపెట్టె మోగుతూ ఉందో, దాన్నీ చప్పుడే అనుకుని పాటంతటా శ్రుతిని మింగేస్తుంది!

తగ్గింపు 6 నుంచి 12 డెసిబెల్స్ దాటకపోతే మంచిది. అంతకన్నా పెంచితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు గుడగుడమంటుంది. పైగా టేపు బుసబుస ఎక్కువగా వినిపించేది పైస్థాయి ధ్వనుల్లోనే. స, శ, ష అక్షరాలకు పదునునిచ్చేదీ అక్కడే. బుస మొత్తం పోవాలని పట్టుబడితే ‘దుష్టచతుష్టయం’లో ష మొద్దుబారిపోతుంది. పద్యం చదివిన మనిషి ఉచ్చారణే పోయాక ఇంకేం మిగిలినట్టు?

గుయ్‌మనే మోత వేరే సంగతి. అది కరెంటుది. మన దేశంలో దాని స్థాయి 50 హెర్ట్జ్. అమెరికాలో 60. అక్కడివాళ్ల పాఠం చూసి నాచ్ ఫిల్టర్‌కి 60 ఇస్తే మన మోత మోతలాగే ఉంటుంది. 50 ఇవ్వాలి, అవసరమైతే 100, 150 దగ్గరా తగ్గించాలి. రికార్డు చేసేటప్పుడే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు ఈ బాధే ఉండదు.

మొరాయిస్తే...

* రికార్డు నొక్కినా గీత కదలకపోతే, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న పరికరం ఏదో చూడాలి. తరచూ అది ల్యాప్‌టాప్ సొంత మైకే అయి ఉంటుంది. విండోస్ కొత్త రకాల్లో ‘ప్రైవసీ’ కింద మైక్రోఫోన్‌కు అనుమతి లేకపోయినా ఏమీ రికార్డవదు.

* పాట మధ్యమధ్య మాయమవుతుంటే అది కంప్యూటర్ ‘సాయం’ కావచ్చు. మాటలు స్పష్టంగా వినిపించాలని కొన్ని కంప్యూటర్లు ఆగకుండా మోగే ధ్వనిని చప్పుడుగా లెక్కేసి కోసేస్తాయి. సౌండ్ సెట్టింగ్స్‌లో ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ ఆపేయాలి.

* శుభ్రం చేసింది ఇంట్లో బాగుండి, కారులో కీచుమంటుంటే లోపం స్పీకర్లలో ఉండొచ్చు. శుద్ధి చేసేటప్పుడు బాస్ బూస్ట్ వంటివన్నీ తీసేసి, మంచి హెడ్‌ఫోన్‌తో వినాలి.

కృత్రిమ మేధ వచ్చాక...

పాత గొంతును కంప్యూటర్‌తో బాగుచేయడం కొత్తేమీ కాదు. 1921లో చనిపోయిన ఇటలీ గాయకుడు కరూసో రికార్డులను అమెరికా శాస్త్రవేత్త థామస్ స్టాక్‌హమ్ కంప్యూటర్‌తో మెరుగుపరిస్తే 1976లో ఆర్‌సీఏ సంస్థ విడుదల చేసింది. ఇక 2023 నవంబరులో వచ్చిన బీటిల్స్ పాట ‘నౌ అండ్ దెన్’ది మన ఇంటి క్యాసెట్ కథే. 1970ల చివర్లో జాన్ లెనన్ ఇంట్లో పియానో వాయిస్తూ పాడుకున్న టేపు అది. గొంతును పియానో కప్పేస్తుండటంతో 1990లలో మిగతావాళ్లు ప్రయత్నించి వదిలేశారు. కంప్యూటర్‌కు నేర్పించి గొంతునీ పియానోనీ విడదీసే పద్ధతి వచ్చాకే అది సాధ్యమైంది. 1990లలో ఆ టేపును శుభ్రం చేశామనుకుని పారేసి ఉంటే ఆ పాట లేదు!

ఇప్పుడు అలాంటి సాధనాలు ఇళ్లకూ వచ్చేశాయి. కాకపోతే అవి కొన్నిసార్లు సరిగా వినపడని అక్షరాన్ని ఊహించి పూరించేస్తాయి. అప్పుడది వినసొంపుగానే ఉంటుంది కానీ నానమ్మ అన్న మాట కాకుండా పోతుంది. పాత ఫైలు పక్కన పెట్టుకుని పోల్చి వినాల్సిందే.

శుద్ధి చేసిన పాటను కుటుంబమంతా పంచుకోవచ్చు. ముట్టుకోని వేవ్ ఫైలును మాత్రం రెండు మూడుచోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో దాచాలి. క్యాసెట్‌నూ పారేయొద్దు. ఎండా తేమా తగలని చోట, పేరూ తేదీ రాసిపెట్టి ఉంచాలి. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌కి అందని మాట పదేళ్ల తర్వాత మనవరాలి కంప్యూటర్‌కి అందొచ్చు!