బురద చెప్పిన సాక్ష్యం

ఒక గాజు సీసాలో నీళ్లు పోసి, గుప్పెడు ఇసుక వేయండి. కదపకుండా ఒక మూల ఉంచండి. మరునాడు గుప్పెడు ఎర్రమట్టి, ఆ మరునాడు గుప్పెడు నల్లమట్టి వేయండి. నాలుగో రోజున మీ స్నేహితుణ్ణి పిలిచి, ఏది ముందు వేశారో చెప్పమనండి. సీసా చూసి ఇట్టే చెప్పేస్తాడు. ముందు పడింది అడుగున, తరువాత పడింది పైన ఉంటుంది కదా!

లోతైన సరస్సులలో ప్రకృతి వేలాది ఏళ్లుగా ఈ పనే చేస్తూంది. వాగులు తెచ్చిన ఒండ్రు, గాలి మోసుకొచ్చిన దుమ్ము, చెట్ల పుప్పొడి, నీటిలో చచ్చిన సూక్ష్మజీవుల పెంకులు ఏటేటా అడుగున పేరుకుంటాయి. మన ఊరి చెరువులు చాలావరకు వేసవిలో ఎండిపోతాయి. పైగా పూడిక తీసి పొలాలకు తోలుకుంటాం. అందువల్ల వాటిలో పొరలు చెదిరిపోతాయి. ఎవరూ కదపని సరస్సులే ఈ పరిశోధనకు అనువైనవి.

శాస్త్రజ్ఞులు తెప్పమీద నుంచి పొడుగాటి గొట్టాన్ని బురదలోకి దించి, పొరలు చెదరకుండా పైకి తీస్తారు. ఆ బురదను పలుచని బిళ్లలుగా కోస్తారు. మరి ఏ బిళ్ల ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది? అందులో చిక్కుకున్న ఆకులలో, గింజలలో రేడియో కార్బన్ ఉంటుంది. అది సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే వయసు తేలుతుంది. ఇటీవలి 150 ఏళ్ల పొరలకు, సుమారు 22 ఏళ్లకే సగమయ్యే సీసం-210 ఉపయోగపడుతుంది.

ఎండిన కాలం

దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల మీద, సముద్రమట్టానికి 3,800 మీటర్ల ఎత్తున టిటికాకా సరస్సు ఉంది. దాని బురదలో ఒకచోట ఉప్పునీటిని ఇష్టపడే డయాటమ్ అనే నాచుజాతి జీవుల పెంకులు దొరికాయి. వానలు తగ్గి సరస్సు ఇంకిపోతే నీరు ఉప్పనవుతుంది. సుమారు 6,000 ఏళ్ల కిందట అక్కడ దీర్ఘకాలం అనావృష్టి ఉండేదనీ, నీటిమట్టం ఇప్పటికంటె ఎన్నో పదుల మీటర్లు పడిపోయిందనీ ఇలాంటి ఆధారాలవల్లనే తెలిసింది.

మృత్యుగని

ఆ పర్వతాలలోనే, పెరూ దేశంలో, హువాంకవెలికా అనే చోట పాదరసపు గనులున్నాయి. స్పెయిన్ పాలకులు 1564లో అక్కడ తవ్వకాలు ప్రారంభించారు. ఖనిజం నుంచి వెండిని వేరుచేయడానికి వారికి పాదరసం కావలసివచ్చింది. స్థానిక ప్రజలను బలవంతంగా గనుల్లోకి దింపారు. విషపు ఆవిరికీ, దుమ్ముకూ ఎందరో బలయ్యారు. ఆ గనికి 'మృత్యుగని' అనే పేరే వచ్చింది.

కాగితాల మీద ఉన్న చరిత్ర ఇది. కాని బురద ఇంకా పాత కథ చెప్పింది. కాలిన్ కుక్, ఆయన సహచరులు ఆ ప్రాంతపు సరస్సుల పొరలను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. క్రీ.పూ. 1400 నాటికే పొరలలో పాదరసం పెరగసాగింది! అంత ప్రాచీన కాలంలో పాదరసం ఎవరికి కావాలి? వారికి కావలసింది పాదరసం కాదు, దాని ఎర్రని ఖనిజమైన ఇంగిలీకం. దాన్ని నూరి రంగుగా వాడేవారు. ఆ దుమ్ము బరువైనది గనుక గనుల దగ్గరి సరస్సులలోనే పడింది. 15వ శతాబ్దంలో ఇంకాల రాజ్యం విస్తరించాక దూరాన ఉన్న సరస్సులోనూ పాదరసం పెరిగింది. అంటే దుమ్ముకు తోడు ఆవిరి కూడా గాలిలో కలవసాగిందన్నమాట.

నేటి పొర

ఆవిరికి సరిహద్దులు లేవు. బొగ్గు కాల్చినా, బంగారం తీయడానికి పాదరసం వాడినా అది గాలితోపాటు ప్రపంచమంతా తిరుగుతుంది. సమీపాన ఒక్క కర్మాగారమూ లేని సరస్సులలో సైతం పై పొరలలో పాదరసం పెరిగింది. నీటిలోని బాక్టీరియా దాన్ని మరింత ప్రమాదకరమైన మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చేపలలోకి, చేపల నుంచి మనుషులలోకి చేరి నరాలను దెబ్బతీస్తుంది. జపాన్‌లోని మినమాటా పట్టణంలో ఈ విషం తెచ్చిన జబ్బు 1956లో బయటపడింది. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. అది 2017లో అమలులోకి వచ్చింది.

దేశాలు ఆ మాట నిలబెట్టుకుంటున్నాయా? ప్రకటనలు ఏమైనా చెప్పవచ్చు. సరస్సుల అడుగున మాత్రం ఈ ఏటి పొర ఇప్పుడే పేరుకుంటూంది. ఏనాడో మీలో ఒకరు గొట్టం దించి దాన్ని పైకి తీస్తే, అసలు లెక్క అందులో దొరుకుతుంది.