‘స్కాప్’ అను పేరు

నీట మునిగి మేత వెదకుకొను బాతులలో నొక తెగను ఆంగ్లేయులు ‘స్కాప్’ అందురు. స్కాట్లండువాసుల భాషలో నీ పదమునకు ఆల్చిప్పలు గుంపుగూడి పెరుగు తిన్నె యని యర్థము. అచ్చట మేయుటచేత నీ పక్షికి ఆ పేరు కలిగెనని కొందఱు, దాని కూతనుబట్టి కలిగెనని మఱికొందఱు చెప్పుదురు.

బ్రిటనులో ‘స్కాప్’ అనిన సాధారణముగా పెద్దజాతియే. ఉత్తర అమెరికాలో పెద్దది, చిన్నది యని రెండు జాతులు గలవు. వేటకాండ్రు రెంటిని ‘నీలిముక్కు’ అనియే పిలుతురు. విమానమునుండి లెక్కించువారికి నివి వేఱుపడవు గనుక, రెంటికి నొకే లెక్క వ్రాయుదురు. ఏ జాతి యెంత తగ్గెనో ఆ లెక్క చెప్పజాలదు. కావున మనము పేరు విన్నంతనే తృప్తి చెందక, అది యే దేశమున నే పక్షికి చెల్లునో విచారింతము.