ఇంటికి డబ్బు పంపడం: లావాదేవీ వ్యయానికి ఒక ఉదాహరణ

లావాదేవీ వ్యయం అంటే ఏమిటో గత భాగంలో చదివారు. ఒక వస్తువు ధర కాకుండా, ఆ వస్తువు మన చేతికి రావడానికి అయ్యే ఖర్చు అది. దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ, కుటుంబ సభ్యుల బ్యాంకు ఖాతాకు డబ్బు పంపడం.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో తాపీపని చేసే ఒక వ్యక్తి, ఊళ్లో ఉన్న తల్లి ఖాతాకు నెలకు 8,000 రూపాయలు పంపుతున్నాడనుకుందాం. అతనికి ఉన్న మార్గాలేమిటి? ఒక్కొక్కదానికి ఎంత అవుతుంది?

పాత పద్ధతితో మొదలుపెడదాం. మన దేశంలో మనియార్డరు 1880లో వచ్చింది. దాని కమీషను 20 రూపాయలకు 1 రూపాయి, అంటే నూటికి 5. ఒక ఫారంపై 5,000 రూపాయలకు మించి పంపే వీలుండేది కాదు. మన తాపీమేస్త్రి రెండు ఫారాలు నింపి 400 రూపాయలు కమీషను కట్టవలసి వచ్చేది. మా తరం విద్యార్థులు హాస్టల్లో పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూసింది ఈ మనియార్డరు కోసమే. ఫారం అడుగున నాలుగు మాటలు రాసుకునే చోటుండేది. ఇప్పటి పద్ధతుల్లో అది లేదు, ఖర్చూ అంత లేదు.

ఇప్పుడు అతని వీధిలోనే ‘మనీ ట్రాన్స్‌ఫర్’ బోర్డు ఉన్న దుకాణం ఉంటుంది. నగదు ఇస్తే దుకాణదారు తల్లి ఖాతాకు పంపుతాడు. నూటికి ఒక రూపాయి చొప్పున తీసుకున్నా నెలకు 80, ఏడాదికి 960 రూపాయలు. అదే మొత్తాన్ని బ్యాంకు శాఖకు వెళ్లి తన ఖాతా నుంచి నెఫ్ట్ ద్వారా పంపితే, 10,000 రూపాయల లోపు మొత్తానికి బ్యాంకు 2 రూపాయల 50 పైసలకు మించి తీసుకోకూడదు. 18 శాతం జీఎస్టీ కలిపితే 2 రూపాయల 95 పైసలు, ఏడాదికి 35 రూపాయల 40 పైసలు. ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ తానే నెఫ్ట్ చేసుకుంటే, పొదుపు ఖాతాదారులకు 2020 జనవరి నుంచి రుసుమే లేదు. యూపీఐకి కూడా లేదు. ఐఎంపీఎస్ రుసుమును ఆయా బ్యాంకులే నిర్ణయించుకుంటాయి కనుక పంపేముందు చూసుకోవాలి. ఆర్‌టీజీఎస్ 2 లక్షలు, ఆపై మొత్తాలకు మాత్రమే. మన ఉదాహరణకు దానితో పనిలేదు.

35 రూపాయలతో అయ్యే పనికి 960 రూపాయలు కడుతున్నాడంటే అతనికి లెక్క తెలియదనుకోవాలా? చాలామంది విద్యార్థులు జవాబు పత్రాల్లో ‘నిరక్షరాస్యత వల్ల’ అని రాసి ఊరుకుంటారు. అది సరికాదు. అతని రోజు కూలి 900 అనుకోండి. బ్యాంకు పనిచేసే వేళలే అతని పనివేళలు కూడా. శాఖకు వెళ్లి వరుసలో నిలబడితే సగం రోజు కూలి, అంటే 450 రూపాయలు పోతాయి. రసీదులో కనిపించే ఖర్చు 2.95, కనిపించనిది 450. దుకాణం రాత్రి తొమ్మిదికి కూడా తెరిచే ఉంటుంది. కాబట్టి 80 రూపాయలు ఇవ్వడం అతని దృష్టిలో లాభమే. పేదవాడు ఎక్కువ ధర చెల్లించేది తెలివి లేక కాదు, సమయం లేక.

అయితే ఆ సగం రోజును ప్రతినెలా కాక ఒక్కసారే ఖర్చు పెట్టే దారి ఉంది. శాఖకు వెళ్లి ఖాతాకు తన ప్రస్తుత మొబైల్ నంబరు జతచేయించుకుంటే, డెబిట్ కార్డుతో గానీ ఆధార్ ఓటీపీతో గానీ యూపీఐ మొదలుపెట్టవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేనివారికి 2022లో వచ్చిన యూపీఐ 123పే ఉంది. 450 ఒక్కసారి పోతే ఏడాదికి 960 మిగులుతాయి. ఆరు నెలల్లోపే పెట్టుబడి తిరిగి వస్తుంది.

డబ్బు ఖాతాలో పడినంత మాత్రాన పంపడం పూర్తి కాదు, తల్లి చేతికి నగదుగా రావాలి. ఏటీఎం మండల కేంద్రంలో ఉంటే బస్సు ఛార్జీ కూడా లావాదేవీ వ్యయమే. ఊళ్లో బ్యాంకు మిత్ర ఉంటే వేలిముద్రతో తీసుకోవచ్చు. కానీ పొలం పనితో అరిగిన వేళ్ల ముద్రలు కొన్నిసార్లు యంత్రానికి అందవు. రెండోసారి ప్రయత్నించే ముందు మొదటిసారి ఖాతాలో డబ్బు తగ్గిందో లేదో రసీదు అడిగి చూసుకోమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఆమెది కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక పొదుపు ఖాతా అయితే నెలకు కనీసం నాలుగుసార్లు రుసుము లేకుండా తీసుకోవచ్చు. కాబట్టి వారం వారం కొంచెంగా కాక, నెలకు ఒకటి రెండుసార్లు పంపడం మేలు.

అన్నిటికంటే ఖరీదైనది పొరపాటు. నెఫ్ట్‌లో డబ్బు జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే, పేరును బట్టి కాదు. మా సంపర్క తరగతులకు వచ్చిన ఒకాయన ఒక్క అంకె తప్పుగా కొట్టి, కూతురి హాస్టల్ ఫీజును ఎవరి ఖాతాకో పంపాడు. ఆ ఖాతాదారు ఒప్పుకుంటే తప్ప తిరిగి తీసుకోలేమని బ్యాంకువారు చెప్పారు. మూడు నెలలు తిరిగాక డబ్బు వచ్చింది గానీ, ఈలోగా ఫీజుకు అప్పు చేయవలసి వచ్చింది. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025 ఏప్రిల్ నాటికి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో ఖాతాదారు పేరు ముందే చూపే సదుపాయం కల్పించారు. దానికి రుసుము లేదు. పేరు చూసిన తర్వాతే ముందుకు వెళ్లండి. కొత్త ఖాతాకైతే ముందు ఒక్క రూపాయి పంపి, అందిందో లేదో ఫోన్ చేసి అడగడం ఇంకా మంచిది.

ఐఎఫ్‌ఎస్ కోడ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అందులో 11 అక్షరాలుంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నా. దాన్ని ఇంగ్లీషు ‘ఓ’ అక్షరంగా రాసేవారు చాలామంది. మన రాష్ట్రాల్లో మరో చిక్కు, బ్యాంకుల విలీనం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో, ఆంధ్రా బ్యాంకు 2020లో విలీనమయ్యాయి. 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒకటయ్యాయి. అమ్మ దగ్గరున్న పాత పాస్‌బుక్కులోని కోడ్ ఇప్పుడు చెల్లకపోవచ్చు. కొత్త పాస్‌బుక్కు తీసుకోమనండి. ఇంకొక మాట: డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. ‘మీ అబ్బాయి డబ్బు పంపాడు, పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే, అది ఆమె ఖాతాను ఖాళీ చేసే ప్రయత్నమే.

అభ్యాసం: మీ ఇంట్లో గత మూడు నెలల్లో ఎవరికైనా పంపిన డబ్బును తీసుకోండి. రుసుము, ప్రయాణ ఖర్చు, పోగొట్టుకున్న కూలి లేదా పనిగంటల విలువ, అందుకున్నవారు నగదుగా మార్చుకోవడానికి పెట్టిన ఖర్చు విడివిడిగా రాసి, పంపిన మొత్తంలో అవి ఎంత శాతమో లెక్కించండి.