ఆవకాయ సర్దారు సరే, చార్జర్ వెనక చదివారా?

ఎండాకాలం వచ్చిందంటే ముసునూరు, నూజివీడు వైపు ఇళ్ళల్లో రెండు పనులు. ఆవకాయ పెట్టడం, దాన్ని అమెరికాలో ఉన్న పిల్లలకి చేరవేయడం. అమ్మాయి పురుటికో, అబ్బాయి గృహప్రవేశానికో బయలుదేరే అమ్మ పెట్టెలో ఇప్పుడు పచ్చళ్ళ పక్కనే లాప్‌టాప్, ఒక్కోసారి మిక్సీ కూడా ఉంటున్నాయి. నూనె కారకుండా నాలుగు కవర్లు చుడతాం గానీ, ఈ సామాను అక్కడి కరెంటుకి పనిచేస్తుందా అని చూసేవాళ్ళు తక్కువే.

మన ఇళ్ళకి వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో మామూలు ప్లగ్గుల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. దాదాపు సగమన్నమాట! మామిడితోటలో బోరు ఉన్నవారికి ఇది చెప్పక్కర్లేదు. లో వోల్టేజీ వస్తే మోటారు మూలుగుతుందే గానీ నీళ్ళు ఎక్కవు. మన మిక్సీ అక్కడ అలాగే నీరసపడుతుంది, పప్పు నలగదు. ఇండియన్ షాపుల్లో 110 వోల్టుల మిక్సీలు దొరుకుతాయి కాబట్టి ఆ బరువు మోయకండి.

అటునుంచి ఇటు తెచ్చే సామానుకైతే గండం పెద్దది. 120 వోల్టుల రైస్ కుక్కర్‌ని మన ప్లగ్గులో పెడితే మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది. న్యూట్రల్ తీగ తెగినప్పుడు బల్బులు భగ్గుమని మాడిపోవడం చూశారుగా, అదే తంతు.

లాప్‌టాప్‌కి మాత్రం అంత భయం లేదు. కళ్ళజోడు పెట్టుకుని చార్జర్ డబ్బా వెనక 'ఇన్‌పుట్' అన్నచోట చదవండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశమైనా ఒకటే, మారాల్సింది ప్లగ్గు పిన్నులే. మనవి గుండ్రటివి. అమెరికావి పల్చటి రేకుల్లా ఉంటాయి. బ్రిటన్, సింగపూర్, దుబాయ్‌లలో పలకల్లాంటి లావు పిన్నులు. అడాప్టర్ కొనేటప్పుడు ఎర్తు పిన్ను ఉన్నదే కొనండి. లేకపోతే కొన్ని లాప్‌టాప్‌ల రేకు ఒంటిమీద చెయ్యి వేస్తే చిమచిమలాడుతుంది. ఇంకో మాట, ఈ అడాప్టర్ పిన్నుల్ని మారుస్తుందే గానీ వోల్టేజీని మార్చదు సుమా! చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అమెరికా నుంచి ఎవరైనా పాత డెస్క్‌టాప్ ఇచ్చి పంపితే, వెనక కరెంటు తీగ పెట్టేచోట చిన్న ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. అది 115 మీద ఉంటే 230కి జరిపాకే ప్లగ్గు పెట్టాలి. మరిచిపోతే ఠప్పుమని పవర్ సప్లై పోతుంది. లేజర్ ప్రింటర్లు చాలావరకు ఒకే వోల్టేజీకి చేసినవి, చవగ్గా వచ్చిందని అక్కణ్ణుంచి మోసుకురావద్దు.

వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఆయాసం ఉన్న పెద్దవాళ్ళ నెబ్యులైజర్. మన దగ్గర కొన్న కంప్రెసర్ మెషీన్లు చాలావరకు ఇక్కడి వోల్టేజీకే పనిచేస్తాయి. దేశం కాని దేశంలో, అర్ధరాత్రి ఊపిరాడనప్పుడు ఆ సంగతి తెలిస్తే ఏం లాభం? టిక్కెట్లు కొన్న రోజే మెషీన్ అడుగున ఉన్న చీటీని ఫొటో తీసి పిల్లలకి పంపండి. పనికిరాదంటే అక్కడి వోల్టేజీది మీరు దిగేసరికే తెప్పించి ఉంచమనండి.