ఎడిటర్ ఇక్కడ, ప్రోగ్రాం అక్కడ

ఆదివారం రాత్రి. మీరు న్యూజెర్సీలో లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. మీ లిస్ప్ ప్రోగ్రాం ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తోంది. అందులో ఒక ఫంక్షన్ తప్పు లెక్క ఇస్తోంది. ప్రోగ్రాంని ఆపకుండా ఆ ఒక్కదాన్నీ సరిదిద్దాలి. ఎలా?

ఈమాక్స్ వాడేవారికి స్లైమ్ ఉంది. దాని జోడీ స్వాంక్ అవతల లిస్ప్ లోపల కూర్చుని, మామూలుగా 4005 నంబరు పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. మీరు పంపిన కోడ్‌ని అక్కడే నడిపి జవాబు పంపిస్తుంది. ఇద్దరూ ఒకే కంప్యూటర్లో ఉండాలన్న నియమం లేదు.

ఇక్కడే ఒకప్పుడు నేను పొరపాటు చేశాను. స్వాంక్‌ని బయటి చిరునామా మీద వినమని చెప్పి, ఫైర్‌వాల్లో 4005 తెరిచేశాను. స్వాంక్ మామూలుగా పాస్‌వర్డ్ అడగదు. తట్టినవాడు ఎవడైనా, ఫైళ్ళు చెరిపెయ్యమన్నా సరేనంటుంది. వీధి తలుపు బార్లా తెరిచి ఊరెళ్ళినట్టే! తెల్లారేసరికి సెక్యూరిటీ వాళ్ళు కనిపెట్టి మూసేశారు గనక బతికిపోయాను.

సరైన దారి ఎస్సెస్‌హెచ్ సొరంగం. తన విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డుల దొంగతనం జరిగాక, ఫిన్లాండ్‌కి చెందిన తాతు యిలోనెన్ 1995లో ఎస్సెస్‌హెచ్ రాశారు.

చెయ్యవలసినవి మూడే. సర్వర్‌లో స్వాంక్ 127.0.0.1 మీద మాత్రమే వింటున్నదని చూసుకోండి. మీ లాప్‌టాప్‌లో ఎస్సెస్‌హెచ్‌కి మైనస్ ఎల్ ఆప్షన్ ఇచ్చి, ఇక్కడి 4005ని అక్కడి 4005కి కలపండి. తర్వాత ఈమాక్స్‌లో స్లైమ్ కనెక్ట్ అని, 127.0.0.1, 4005 ఇవ్వండి. ఈమాక్స్ తన ఇంట్లోనే మాట్లాడుతున్నాననుకుంటుంది. మాటలు మాత్రం సర్వర్ 22వ పోర్టు గుండా, రహస్యంగా వెళ్తాయి. లాప్‌టాప్‌లో కూడా ఒక లిస్ప్ 4005 మీద ఉంటే, ఇవతలి చివర 4006 వాడండి. లేకపోతే సర్వర్ అనుకుని సొంత లిస్ప్‌నే దిద్దుతూ కూర్చుంటారు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఆ సర్వర్‌లో వేరేవాళ్ళకీ లాగిన్లు ఉంటే, సొరంగం అవసరం లేకుండానే వాళ్ళు స్వాంక్‌ని తట్టగలరు. రెండోది, దిద్దిన ఫంక్షన్ నడుస్తున్న ప్రోగ్రాం మెమరీలోనే ఉంటుంది. ట్రాంప్‌తో సర్వర్ మీది ఫైలు తెరిచి అందులోనూ మార్చండి. మరిచిపోయారా, ప్రోగ్రాంని మళ్ళీ మొదలుపెట్టిన రోజున పాత తప్పు తలుపు తడుతుంది.