రైలు పోయిన దారిలో సైకిల్ సవారీ!

గజ్వేల్ వాళ్లకు రైలు కూత ఇంకా కొత్తే. సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు ఆ ఊరి మీదుగా ప్రయాణికుల రైలు మొదలైంది 2023 అక్టోబరులో మరి! రైలొస్తే సంబరమే... అదే రైలు ఆగిపోతే? ఆ దారి ముళ్లకంపల పాలు కావాల్సిందేనా?

అక్కర్లేదని చూపించింది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం. లిటిల్ మయామీ నది వెంట 1840ల్లో వేసిన రైలుమార్గం మూతపడ్డాక, పట్టాలు తీసేసి ఆ దారిని సైకిళ్ల కోసం నున్నటి బాటగా మార్చారు. సిన్సినాటి వైపు నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా దాదాపు 125 కిలోమీటర్లు! రోడ్లు దాటే చోట్ల తప్ప కార్ల గోల తక్కువే. రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు కాబట్టి దారి చాలావరకు చదునే. అందుకే బుడతలూ తాతయ్యలూ కూడా ఆయాసపడకుండా తొక్కేయొచ్చు.

మనకూ అలాంటి అవకాశం ఉంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1900లో మొదలైన హేవలాక్ వంతెన, సుమారు వందేళ్లు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. పొడవు 2.7 కిలోమీటర్లకు పైనే. దాన్ని పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దే పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఇనుము తుప్పుకి లొంగకముందే పనులు పూర్తయి, సైకిళ్లకూ అందులో చోటు దొరికితే... తాతలు రైల్లో దాటిన గోదారిని మనవలు సైకిలెక్కి దాటేస్తారు!