బేరమాడితే... భాషొచ్చింది!

చైనాలో డాక్టర్ చదువుకు వెళ్లిన మన పిల్లలకు తొలి పాఠాలు చెప్పేది ప్రొఫెసర్లు కాదు... కాలేజీ గేటు బయట చిలగడదుంపలు కాల్చే పిన్నులు, నూడుల్స్ వేయించే బాబాయిలు! ఆ వీధి బడిలో ఓ గుంటూరు జిల్లా కుర్రాడు పడిన తిప్పలూ, నేర్చిన విద్యలూ ఇవి.

ఇక్కడ సీటు రాలేదు. ప్రైవేటు కాలేజీ ఫీజు అందలేదు. దాంతో ఎంబీబీఎస్ కోసం చైనా బాట పట్టిన వందలాది తెలుగు విద్యార్థుల్లో ఆ కుర్రాడూ ఒకడు. చేరింది సిచువాన్ రాష్ట్రంలోని ఓ వైద్య విశ్వవిద్యాలయంలో. ‘పాఠాలన్నీ ఇంగ్లిషులోనే, భాషతో ఇబ్బందే ఉండదు’ అన్నారు పంపించినవాళ్లు. ఆ మాట నిజమే... కాలేజీ గేటు వరకూ! గేటు దాటితే ఇంగ్లిషు ముక్క వినపడదు. కడుపు మాత్రం గేటు దాటగానే గోల పెడుతుంది.

ఆరంటే ఫోనా?

మొదటి దెబ్బ ఆపిల్ బండి దగ్గర తగిలింది. ధర ఎంతని సైగ చేస్తే బండామె బొటనవేలు, చిటికెనవేలు చాచి మిగతావి మడిచింది. మన దగ్గర ఆ సైగకు అర్థం ‘ఫోన్ చెయ్యి’ అనే కదా! ‘ఫోన్‌తో డబ్బు కట్టమంటోంది కాబోలు’ అనుకుని ఫోన్ తీశాడు. ఆమె అడ్డంగా తలూపి మళ్లీ అదే సైగ. అయిదు నిమిషాల మూగనోము తర్వాత తెలిసిందేమిటంటే అది ‘ఆరు’. పోనీ కిలో ఆరు యువాన్లే అని సంబరపడి అంతే కట్టబోతే ఆమె మళ్లీ అదే సైగ రెండుసార్లు చేసింది. అక్కడ బండ్ల మీద ధర కిలోకి కాదు, ‘జిన్’కి. జిన్ అంటే అరకిలో!

మనం వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటే చైనావాళ్లు ఒంటి చేత్తో పది వరకూ చూపించేస్తారు. ఊరికో యాస ఉన్న దేశంలో నోటికన్నా చెయ్యే నయం మరి. బొటనవేలు, చూపుడువేలు తుపాకీలా చాపితే ఎనిమిది. మనవాడు రెండు వేళ్లు కనిపించాయి కదాని రెండు యువాన్లు కట్టి రొట్టె పట్టుకుని నడిచాడు. వెనక నుంచి బండాయన తుపాకీ చూపిస్తూ పరుగు! ఇంకోచోట ఒకాయన రెండు చూపుడువేళ్లు అడ్డంగా పెట్టి చూపితే ‘సరుకు లేదు’ అనుకుని వెనక్కొచ్చేశాడు. అది పది!

కొంటావా... అమ్ముతావా?

వేళ్ల గండం గడిచాక నాలుక గండం. చైనీస్‌లో ఒకే మాట రాగం మారితే అర్థమే మారిపోతుంది. మనకు మాత్రం కళ్లకూ కల్లుకూ తేడా లేదూ! ‘మాయ్’ అని గొంతు కిందికి దించి పైకి లేపితే కొనడం. పైనుంచి దబ్బున దించితే అమ్మడం. సంచీ పట్టుకుని వెళ్లి ‘నేను టమాటాలు అమ్ముతాను’ అని ధీమాగా చెప్పాడు మనవాడు. ‘ఏవీ, చూపించు’ అని ఖాళీ సంచీలోకి తొంగిచూసింది టమాటాలామె.

అదో చిన్న ముచ్చట. మర్యాదగా ‘కాస్త అడగొచ్చా’ అనడానికి ‘చింగ్ వెన్’ అంటారు. ఆ ‘వెన్’ రాగం తప్పితే ‘దయచేసి ముద్దు పెట్టండి’ అని అర్థం! దారి అడగబోయి డెబ్బయ్యేళ్ల ముసలామెతో ఆ మాటే అనేశాడు. ఆమె బోసినోరు తెరిచి నవ్వి, చుట్టుపక్కల బండ్లవాళ్లందరినీ పిలిచి మరీ చెప్పింది. ఉడికించిన కుడుముల్లాంటి ‘ష్వేజ్యావ్’ అడగబోయి ‘నిద్ర కావాలి’ అన్న రోజూ ఉంది. అప్పుడు బండాయన స్టూలు చూపించి ‘పడుకో’ అని సైగ చేశాడట.

గుంటూరు కారానికి గుండు సున్నా

‘లా బు లా?’ అని అడుగుతారు నూడుల్స్ బండి దగ్గర. కారం కావాలా, వద్దా అని. గుంటూరు వాడిని ఆ మాట అడగొచ్చా! ‘ఎంతుంటే అంత వెయ్యి’ అన్నాడు. రెండు ముద్దలకే పెదాలు తిమ్మిరెక్కాయి, నాలుక ఉందో లేదో తెలియలేదు. పళ్ల డాక్టరు సూది వేసినట్టే! అది మిరపకాయ పని కాదు... అక్కడి ‘హ్వాజ్యావ్’ అనే మిరియంలాంటి గింజ మహిమ. ఆ తిమ్మిరీ మిరప కారమూ కలిస్తేనే సిచువాన్ రుచి. మన తేజ రకం మిర్చి పెద్దఎత్తున చైనాకే ఎగుమతవుతుందని తెలిశాక మాత్రం ‘మా కారంతోనే నన్ను కొట్టారు’ అనుకున్నాడు.

రాత్రి సంతలో మరో తమాషా. బ్యాగుల బండి మీద ‘9’ అంకె, పక్కన తగ్గింపు గుర్తు. తొంభై శాతం తగ్గింపని రెండు బ్యాగులు చంకన పెట్టాడు. తీరా చూస్తే తగ్గేది పది శాతమే! మనం తగ్గించేది రాస్తాం, వాళ్లు కట్టాల్సింది రాస్తారు.

బండి వెనక పరుగు

ఈ నవ్వుల మధ్య ఓ రోజు నవ్వురాని సంగతి జరిగింది. వేడి చిలగడదుంప చేతిలో పడిందో లేదో వీధి చివర కేక. ఫుట్‌పాత్ బండ్లను తొలగించే నగర సిబ్బంది ‘చెంగ్వాన్’ వస్తున్నారట. క్షణంలో బండ్లన్నీ మాయం. డబ్బు కట్టాల్సిన క్యూఆర్ కోడ్ బండికే వేలాడుతోంది. ఆమె బండి తోసుకుంటూ ముందు, దుంప ఊదుకుంటూ మనవాడు వెనక... రెండు సందులు తిరిగాక అందుకుని, ఆయాసపడుతూనే కోడ్ స్కాన్ చేశాడు. ఆ పరుగు చూశాక ఆమె అతణ్ని కొనేవాడిగా చూడలేదు. మర్నాటి నుంచి తప్పు పలికితే సరిగ్గా పలికేదాకా దుంప ఇచ్చేది కాదు!

ఆమెను ‘ఆయీ’ అని పిలిచేవాడు. ఆ మాటకు అసలర్థం అమ్మ చెల్లెలు. అంటే మన పిన్నే. ‘షూషూ’ అంటే నాన్న తమ్ముడు... బాబాయ్. మన బజార్లో అలవాటైన పిలుపులే అక్కడా వినపడేసరికి పరాయి వీధి కాస్త సొంతదైంది. తనను మాత్రం ‘ష్వాయ్ గ’ అంటే ‘అందగాడన్నా’ అంటున్నారని కొన్నాళ్లు మురిసిపోయాడు. పక్కనున్న బట్టతల పెద్దాయననూ అలాగే పిలిచారని గమనించేదాకా!

ఈ వీధి చదువు విలువ నాలుగో ఏట తెలిసింది. పుస్తకాలు ఇంగ్లిషువే కానీ ఆసుపత్రికొచ్చే రోగులు కారు కదా. వాళ్లను అడిగి జబ్బు సంగతి రాబట్టలేకపోతే మన పిల్లలు గోడ పక్కన నిలబడి చూడాల్సిందే. అలా చూసి వచ్చినవాళ్లకు ఇక్కడ ఎఫ్ఎంజీఈ పరీక్ష గట్టెక్కడమూ, తర్వాత రోగిని పట్టుకోవడమూ రెండూ కష్టమే. ఓ రోజు వార్డులో పల్లెటూరి ముసలామె యాస ఎవరికీ అంతుపట్టలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని రెండు చూపుడువేళ్లు అడ్డంగా పెట్టింది. తోటి విద్యార్థులు దిక్కులు చూస్తుంటే మనవాడు ‘ఆయీ, పది రోజుల నుంచా నొప్పి?’ అని అడిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, అక్కడి నుంచి గలగలా చెప్పుకొచ్చింది. అన్నం తిన్నాక ఎక్కువవుతుందనీ, రాత్రుళ్లు నిద్ర ఉండదనీ. భాష ఎక్కడ నేర్చుకున్నావని ప్రొఫెసర్ అడిగితే కిటికీలోంచి గేటు వైపు చూపించాడట.

మొన్న సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాళ్లమ్మ రైతుబజారుకు పంపింది. అలవాటు ఎక్కడికి పోతుంది! ఆరు నిమ్మకాయలు కావాలని బొటనవేలు, చిటికెనవేలు చాచి చూపించాడు.

‘ఫోన్ ఇంట్లో మర్చిపోయావా బాబూ? ఇదిగో, నాదాంట్లోంచి చేసుకో’ అందట నిమ్మకాయలామె.